పాత సెయిల్ బోట్ మొదటిసారి కొంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే హబ్బర్డ్ లాంటి చెరువుల్లో చిన్న సెయిల్ బోట్లు (తెరచాప పడవలు) చాలా తిరుగుతుంటాయి. ఫైబర్‌గ్లాస్ పడవలు బాగుచేయడం నా వృత్తి. ఈ మధ్య మన తెలుగువాళ్లు కూడా పాత పడవ ఒకటి కొని, వీకెండ్లలో సొంతంగా బాగుచేసుకోవాలని ఉత్సాహపడుతున్నారు. చూస్తే చాలా సంతోషంగా ఉంటుంది. ఎక్కువమంది కన్ను కాటలీనా 22 మీద పడుతుంది. ఫ్రాంక్ బట్లర్ గీసిన ఈ 22 అడుగుల పడవ తయారీ 1969లో మొదలైంది, ఇప్పటికి 15,000కు పైగా వచ్చాయి. అందుకే సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది, విడిభాగాలకూ ఇబ్బంది ఉండదు. నేను చెప్పేవి చాలావరకు ఈ సైజు పడవల సంగతులే.

ఇలాంటి పడవల్ని పాడుచేసేది కింద ఉన్న చెరువు నీళ్లు కాదు, పైనుంచి పడే వాన నీళ్లు. కొనేముందు చూసేటప్పుడైనా, కొన్నాక పని మొదలుపెట్టేటప్పుడైనా వాన నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో వెతకడమే మొదటి పని.

అపోహ: ఫైబర్‌గ్లాస్ కదా, కుళ్లదు.

ఫైబర్‌గ్లాస్ కుళ్లదు, నిజమే. కానీ డెక్ (పడవ పైభాగం, మనం నడిచే చోటు) మొత్తం ఫైబర్‌గ్లాసే కాదు. పైన ఒక పలచని పొర, కింద ఒక పొర, రెంటికీ మధ్య ప్లైవుడ్ గానీ బాల్సా చెక్క గానీ ఉంటుంది. డెక్ బరువు పెరగకుండా గట్టిగా ఉండేది ఆ చెక్క వల్లే. దానికి నీళ్లు తగిలితే కొన్నేళ్లలో తడిసిన అట్టలా తయారవుతుంది. పైకి మాత్రం తెల్లగా, నున్నగా, ఏమీ జరగనట్టే కనిపిస్తుంది.

పట్టుకునే తీరు ఇది. స్క్రూడ్రైవర్ తిరగేసి పట్టుకుని, ప్లాస్టిక్ పిడితో డెక్ అంతా జానెడు జానెడు దూరంలో కొడుతూ వెళ్లండి. బాగున్నచోట టక్ టక్‌మని గట్టి శబ్దం వస్తుంది. కుళ్లినచోట అదే దెబ్బకి డబ్బుమని బోలుగా, మొద్దుగా వినిపిస్తుంది. తేడా తెలిసిన చోటల్లా చాక్‌పీసుతో గీత గీయండి. ఆ గీతలన్నీ ఏదో ఒక బోల్టు చుట్టూ తేలతాయి: మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) కాలు, అంచు కంచె స్తంభాలు, మాస్ట్ వైర్లు పట్టుకునే చైన్‌ప్లేట్లు, తాళ్లు బిగించే విన్చ్‌లు. బోల్టు కింద నీళ్లు దిగకుండా పెట్టిన సీలెంట్ ఎండిపోయి, వాన చుక్క ఆ కన్నంలోంచి దిగి చెక్కని పట్టేస్తుంది.

కుళ్లిన చోట సిరంజీతో ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) ఎక్కిస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. తడి చెక్కలోకి ఎపాక్సీ ఇంకదు. మెత్తటి ముద్ద చుట్టూ గట్టి గడ్డలు ఏర్పడతాయి, అంతే. పైపొర కోసి తీసి, కుళ్లినదంతా గీకేసి, బాగా ఆరనిచ్చి, కొత్త ముక్కని ఎపాక్సీతో అతికించి, పైన మళ్లీ గ్లాస్ పరవాలి. అంచుల్ని వాలుగా సాన పెట్టాలి: పొర మందానికి 12 రెట్ల వెడల్పు వాలు. ఈ వాలు తగ్గించి చేసిన అతుకు మొదటి గట్టి గాలికే పగులు చూపిస్తుంది. శ్రమ ఉంటుంది, కానీ కొత్తవాళ్లకి చేతకాని పని కాదు.

బోల్టు మళ్లీ బిగించే ముందు ఇంకో పని. కన్నాన్ని కావలసిన దానికంటే పెద్దదిగా డ్రిల్ చేయండి. లోపలి చెక్కని కాస్త తవ్వి, చిక్కటి ఎపాక్సీ నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు సైజు కన్నం వేయండి. అప్పుడు రేపు సీలెంట్ పోయినా నీళ్లకి తగిలేది ఎపాక్సీయే, చెక్క కాదు. పాత పడవకి చేసే పనులన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఒక్కో కన్నానికి పట్టే టైమ్ తక్కువ, ఫలితం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

అపోహ: లీకు ఉన్నచోట సిలికాన్ పెడితే పోతుంది.

దయచేసి వద్దు. సిలికాన్ వదిలే జిడ్డు పొర మీద తర్వాత పెయింటూ అతకదు, ఎపాక్సీ అతకదు, కొత్త సీలెంటూ అతకదు. సాన పట్టినా పూర్తిగా పోదు. డెక్ మీద బిగించేవాటికి బ్యూటైల్ టేప్ వాడండి. మెత్తగా సాగుతుంది, ఎండిపోదు, రేపు విప్పాలన్నా సులువు. బిగించేటప్పుడు ఒకేసారి కాకుండా రోజుకి కొంచెం చొప్పున బిగిస్తే మిగిలినది అంచుల్లోంచి బయటికొచ్చేస్తుంది. 3ఎం 5200 లాంటి శాశ్వత జిగురుని విప్పాల్సిన వస్తువులకి వాడకండి. తర్వాత ఆ వస్తువు ఊడదు, డెక్ పొర ఊడుతుంది.

అపోహ: హార్డెనర్ కాస్త ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుంది.

ఫైబర్‌గ్లాస్ పనిలో వాడే ఇంకో రకం, పాలిస్టర్ రెసిన్‌లో హార్డెనర్ ఒకటి రెండు శాతం మధ్య అటూ ఇటూ మార్చుకోవచ్చు. కాకినాడ తీరంలో ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్లు వాడేది గ్లాస్ పీచు మ్యాట్, ఆ పాలిస్టర్ రెసినే. అక్కడి అలవాటున్నవాళ్లు ఎపాక్సీ దగ్గరా అలాగే చేస్తారు. ఎపాక్సీ కొలతలో వెసులుబాటు లేదు. వెస్ట్ సిస్టమ్ 105 రెసిన్‌కి 205, 206 హార్డెనర్లయితే 5 పాళ్లకి 1 పాలు. ఎక్కువైనా తక్కువైనా జిగటగా మిగిలిపోతుంది, ఆ జిగురంతా గీకి పారేయాల్సిందే.

టెక్సాస్ ఎండల్లో ఇంకో ప్రమాదం ఉంది. లోతైన కప్పులో ఎక్కువ కలిపి వదిలేస్తే దాని వేడికి అదే ఉడికి పొగలు కక్కుతుంది, కప్పు కరిగిపోతుంది. కొంచెం కొంచెం కలిపి వెడల్పాటి ట్రేలో పోసుకోండి, స్లో హార్డెనర్ తీసుకోండి, వేసవిలో పొద్దున్నే పని ముగించండి.

పాత పొర మీద కొత్త పొర వేయాలంటే పాలిస్టర్ కంటే ఎపాక్సీ పట్టు ఎక్కువ, అందుకే రిపేర్లకి నేను అదే వాడతాను. గట్టిపడ్డాక పైన సన్నని మైనం లాంటి పొర తేలొచ్చు. ముందు నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడిగి తర్వాతే సాన పట్టాలి. కడగకుండా సాన పడితే ఆ జిడ్డునే లోపలికి రుద్దినట్టవుతుంది.

చేతులకి నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఎపాక్సీ అలర్జీ ఒకసారి మొదలైతే ఇక జీవితాంతం వదలకపోవచ్చు. ఒంటికి అంటుకుంటే ఎసిటోన్‌తో తుడవద్దు, అది చర్మంలోకి ఇంకా ఇంకేలా చేస్తుంది. దుమ్ముకి గుడ్డ మాస్క్ చాలదు, మార్చుకునే ఫిల్టర్లున్న రెస్పిరేటర్ కావాలి. అడుగు భాగం పాత పెయింట్‌లో రాగి ఉంటుంది కాబట్టి దాన్ని పొడిగా సాన పట్టకండి, తడిపి పట్టండి.

అపోహ: మంచినీటి పడవకి అడుగున బొబ్బలు రావు.

మంచినీళ్లలోనే ఎక్కువ వస్తాయి. నీరు జెల్‌కోట్ (పడవ పైన ఉండే నున్నటి రంగు పొర) గుండా మెల్లగా లోపలికి వెళ్లి, అక్కడి రసాయనాల్ని కరిగించి చిక్కటి ద్రవంగా మారుతుంది. బయటి నీళ్లు ఎంత పలచగా ఉంటే అంత బలంగా లోపలికి లాగబడతాయి. గోరువెచ్చటి మంచినీటి చెరువు దానికి చాలా అనుకూలం. భయపడాల్సిన పనిలేదు. ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉన్న పడవకి నాలుగైదు బొబ్బలుంటే పగలగొట్టి, కడిగి, ఆరబెట్టి, ఎపాక్సీతో నింపితే సరి. ట్రైలర్ మీద ఉండే పడవకి ఈ బాధ దాదాపు ఉండదు.

అపోహ: కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) తుప్పు పట్టింది, పడవ పని అయిపోయింది.

కాటలీనా 22లో పైకి కిందికి కదిలే కీల్ పోత ఇనుముతో చేసింది, బరువు దాదాపు 250 కిలోలు. పైన తుప్పు చూసి టెన్షన్ పడకండి. మెరిసే లోహం కనిపించేదాకా గీకి, మళ్లీ తుప్పు పట్టకముందే ఆ గంటలోనే ఎపాక్సీ పూత వేస్తే చాలు. చూడాల్సింది కీల్ తిరిగే పిన్నుని. కీల్ కొసని పట్టుకుని పక్కలకి ఊపితే బాగా ఆడుతోందంటే పిన్ను అరిగింది, దాని కన్నం కోలగా అయింది. పైకి లాగే కేబుల్ మీద ఒక్క తీగ తెగినా కొత్తది వేసేయండి. కీల్ కింద బలమైన ఆనుడు లేకుండా ఒక్క బోల్టు కూడా విప్పకూడదు, దాని కిందికి ఎవరూ దూరకూడదు.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీల్‌కి ఏమీ కాదు.

గాలి తగలని సందులో తడి నిలిస్తే స్టెయిన్‌లెస్ కూడా తినేసుకుంటుంది. డెక్ గుండా దిగే చైన్‌ప్లేట్‌ని విప్పి చూస్తేగానీ అది తెలియదు. మాస్ట్‌ని నిలబెట్టే వైర్ల మీద టిష్యూ పేపర్ జార్చండి. ఎక్కడ పీచు చిక్కుకుంటే అక్కడ తీగ తెగినట్టు. ఆ వైర్ మార్చాల్సిందే. వయసెంతో తెలియని వైర్లయితే అన్నీ మార్చేయమంటాను. ఖర్చే, కానీ మాస్ట్ మనిషి మీద పడటం కంటే నయం.

ఇక్కడే ఇంకో మాట. మాస్ట్ అల్యూమినియం. ట్రైలర్ దగ్గర దాన్ని లేపే ముందు, లేపిన పడవని కదిలించే ముందు తలెత్తి కరెంటు తీగలు చూడండి. ప్రాణాలు పోయేది అక్కడే.

అపోహ: ఫ్రీగా ఇస్తున్నారు, తీసుకుంటే పోయేదేముంది?

కాగితాలు సరిగా లేకపోతే చాలా పోతుంది. టెక్సాస్‌లో 14 అడుగులు, అంతకు మించిన సెయిల్ బోట్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి. పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ మోటార్‌కి వేరే టైటిల్ (యాజమాన్య పత్రం), ట్రైలర్ కాగితాలు వేరే. 1972 నవంబర్ 1 తర్వాత తయారైన పడవైతే వెనక గోడ కుడివైపు పైమూల 12 అక్షరాల గుర్తింపు నంబర్ ఉంటుంది. అది టైటిల్‌తో కలవాలి. కలవకపోతే వదిలేయండి.

తెరచాపల కుట్టుదారాన్ని గోటితో గీకండి. ఎండకి గుడ్డకంటే ముందు దారం చస్తుంది. దారమే పోతే మళ్లీ కుట్టించొచ్చు, గుడ్డ కూడా చిరిగేలా ఉంటే కొత్తవాటికి వెయ్యి డాలర్లు సులువుగా దాటుతుంది. ట్రైలర్ టైర్లకి గీతలు బాగున్నాయని మురిసిపోవద్దు. టైర్ పక్కన ఉండే చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి: 2316 అంటే 2016లో 23వ వారం. అంత పాత టైర్ల మీద హైవే ఎక్కకండి.

అపోహ: ముందు పెయింట్ వేస్తే ఊపొస్తుంది.

ఊపు వస్తుంది, ఆ తర్వాత డెక్ కోసేటప్పుడు ఆ పెయింటే పోతుంది. చైన్‌ప్లేట్లు, డెక్, కీల్, వైర్లు అయ్యాక, వీలైతే ఒక సీజన్ నడిపి చూశాకే పెయింట్ గురించి ఆలోచించండి. నడిపితే ఏది నిజంగా మార్చాలో పడవే చూపిస్తుంది. కొన్న కొత్తలో రాసుకున్న లిస్టులో సగం అప్పటికి అవసరం లేదనిపిస్తుంది.

హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ నేర్చుకుని, అక్కడే పాత లేజర్ (ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ) కొనాలనుకునేవాళ్లకి ఒక సూచన. అందులో మాస్ట్ కూర్చునే గొట్టం నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత పెట్టి కాసేపు ఆగండి. మట్టం తగ్గితే ఆ నీళ్లు పడవ లోపలికి దిగుతున్నట్టే, గొట్టం మూలంలో పగులుంది. బేరం కుదుర్చుకునే ముందే ఆ పరీక్ష చేయనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే వేరే పడవ చూసుకోండి.