కింద పుండు పడితే సుఖవ్యాధేనా? బెహ్చెట్ వ్యాధిపై అపోహలు - వాస్తవాలు

నోరు పూస్తే ఇంటిల్లిపాదికీ చెబుతాం. మర్మాంగం మీద పుండు పడితే కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పం. మా రుమటాలజీ (కీళ్లు, రోగనిరోధక వ్యవస్థ జబ్బుల విభాగం) ఓపీలో బెహ్చెట్ వ్యాధి ఆలస్యంగా బయటపడిన ప్రతిసారీ తవ్వితే తేలేది దాదాపు ఒకటే. నోటికి ఒక డాక్టరు, కంటికి ఇంకో డాక్టరు, కింది పుండుకు మాత్రం గుట్టుగా మెడికల్ షాపులో ఆయింట్‌మెంటు. మూడూ ఒకే జబ్బని పట్టుకునే అవకాశం ఎవరికీ రాలేదు. కాబట్టి ముందు ఆ అపోహ సంగతి చూద్దాం.

అపోహ: కింద పుండు పడిందంటే అది సుఖవ్యాధే.

కాదు. బెహ్చెట్ అంటురోగం కాదు. ఎంగిలి వల్లా రాదు, కాపురం చేస్తేనూ రాదు. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి రక్తనాళాల్లో వాపు తెచ్చే జబ్బు ఇది. నోరు, మర్మాంగాలు, కళ్లు, చర్మం, కీళ్లు, పేగులు, మెదడు, దేన్నైనా పట్టుకోవచ్చు. నోటి పుండ్లు, మర్మాంగాల పుండ్లు, కంటి వాపు కలిసి ఒకే జబ్బని 1937లో ఇస్తాంబుల్ చర్మవైద్యుడు హులూసి బెహ్చెట్ ప్రకటించారు. ఇప్పటికీ టర్కీలోనే ఎక్కువ. అక్కడి నుంచి ఇరాన్ మీదుగా జపాన్ దాకా బాగా కనిపిస్తుంది. మన దగ్గర అరుదు కాబట్టి చాలామందికి ఆ ఆలోచనే తట్టదు.

పుండును సరిగ్గా చూస్తే తేడా చాలావరకు తెలుస్తుంది. బెహ్చెట్ పుండు మగవాళ్లలో ఎక్కువగా వృషణాల సంచి మీద, ఆడవాళ్లలో యోని పెదవుల మీద పడుతుంది. లోతుగా ఉంటుంది, నడవనివ్వనంత నొప్పి పెడుతుంది, మానాక తరచుగా మచ్చ మిగులుస్తుంది. సిఫిలిస్ పుండు మామూలుగా నొప్పి పెట్టదు. హెర్పిస్ చిన్న చిన్న నీటిపొక్కుల గుంపుగా మొదలవుతుంది. సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్, హెచ్‌ఐవీ పరీక్షలు మేమూ చేయిస్తాం, చేయించాలి కూడా. అవి నెగెటివ్ వచ్చాక కూడా మనిషి మీద ఆ ముద్ర వేయడం మాత్రం అన్యాయం.

ఒక కుర్రాడు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటర్ రోజుల నుంచీ నోరు పూస్తూనే ఉందట, వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించారు. ఇప్పుడు కన్ను ఎర్రబడి చూపు మసకబారింది. ‘కింద ఎప్పుడైనా పుండు పడిందా?’ అని అడిగితే తండ్రి వైపు చూసి తల దించుకున్నాడు. పెద్దాయన్ని కాసేపు బయట కూర్చోమన్నాక చెప్పాడు. పెళ్లైన ఏడాదే పుండు పడిందట. ఊళ్లో ఆరెంపీ పెన్సిలిన్ ఇంజెక్షన్ పొడిచి, ఇకనైనా బుద్ధిగా ఉండమన్నాడట. మాట ఇంట్లోకి పాకి భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. పరీక్ష చేస్తే రెండు తెల్లటి మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. రిపోర్టులన్నీ వచ్చాక ఆ అమ్మాయిని కూడా పిలిపించి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. ఆమె అడిగింది ఒక్కటే: ‘అయితే ఈయన తప్పేం లేదా సార్?’ లేదమ్మా, ఏమీ లేదు.

ఆ అబ్బాయి రెండో కన్ను నిలిచింది. మొదటి కంటిలో పోయిన చూపు పూర్తిగా తిరిగి రాలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మేం వాడే అంతర్జాతీయ ప్రమాణాల్లో నోటి పుండ్లకు 2 పాయింట్లు, మర్మాంగాల పుండ్లకు 2, కంటికి 2. చర్మం, రక్తనాళాలు, నాడీమండలం, పాథర్జీ టెస్టు (సూది గుచ్చిన చోట పొక్కు వస్తుందేమో చూసేది) ఒక్కోదానికి 1. మొత్తం 4 వస్తే బెహ్చెట్ అని బలంగా అనుమానిస్తాం. అంటే కంటి జోలికి రాకముందే నోరు, కింది పుండు కలిపితేనే 4 వస్తాయి. సిగ్గుపడి దాస్తే ఆ రెండు పాయింట్లూ పోయి, జబ్బు కంటిదాకా వచ్చేవరకు ఎవరికీ తెలియదు.

అపోహ: కన్ను తేటపడింది, ఇక మందులెందుకు?

దీని వల్ల కూడా కళ్లు పోతున్నాయి. బెహ్చెట్ వాపు వస్తూ పోతూ ఉంటుంది. నల్లగుడ్డు ముందు కింది భాగంలో తెల్లగా చీములా పేరుకున్నది కొన్ని రోజుల్లోనే కరిగిపోవచ్చు. కానీ వెనక రెటీనా రక్తనాళాల్లో ప్రతి దాడీ కొంత పాడుచేసి పోతుంది, చుక్కల మందు అక్కడిదాకా చేరదు. అందుకే కంటి వెనక భాగం దెబ్బతింటే స్టెరాయిడ్ ఒక్కటే ఇవ్వకుండా రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే అజాథయోప్రిన్ లాంటివి, చూపుకు ముప్పుంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా అడాలిముమాబ్ అనే బయోలాజిక్ మందు కలుపుతాం. అజాథయోప్రిన్ పూర్తిగా పనిచేయడానికి నెలలు పడుతుంది. ‘నెల వాడాం సార్, ఏం తేడా లేదు’ అని ఆపేసేవాళ్లకు దండం పెట్టి చెబుతున్నా, ఆపకండి. బయోలాజిక్స్‌కు ముందు టీబీ పరీక్షలు ఎందుకని విసుక్కోకండి, దాగి ఉన్న టీబీని ఆ మందులు లేపగలవు.

మిగతావి గబగబా చెబుతాను. వేడి వస్తువులు తింటే ఈ జబ్బు రాదు, ఆవకాయ తింటే ఉన్న పుండు మండుతుంది, అంతే. రక్తపరీక్షలన్నీ నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు, దీన్ని తేల్చే రక్తపరీక్షే లేదు. హెచ్‌ఎల్‌ఏ-బి51 అనే, ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యువు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. అందరికీ పెద్ద మందులు అక్కర్లేదు, నోటికీ చర్మానికే పరిమితమైతే చాలామందికి కొల్చిసిన్, పూత మందులతో సరిపోతుంది. స్టెరాయిడ్‌కు భయపడి ఒక్కసారిగా మానేయడం వాడటం కన్నా ప్రమాదం. కుర్ర వయసులో కాలి సిరలో గడ్డకట్టిందంటే బెహ్చెట్‌లో రక్తం పలచబరిచే మందుతోనే పని జరగదు, వాపు తగ్గించే మందులు కావాలి. దగ్గులో రక్తం పడితే మాత్రం ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఊపిరితిత్తుల ధమని ఉబ్బి ఉంటే రక్తం పలచబరిచే మందే ప్రాణం మీదికి తేవచ్చు.

నెట్‌లో చదివి, నోరు పూసిందని హడలిపోతున్నవాళ్లకు ఒక మాట. నోటి పూతల్లో అత్యధికం మామూలువే. ఏడాదిలో మూడుసార్లు, అంతకు మించి వస్తూ, కింద పుండు, కంటి ఎరుపు, పిక్కల మీద నొప్పి పెట్టే ఎర్ర గడ్డలు, వీటిలో ఏదైనా తోడైతే అప్పుడు చూపించుకోండి. అపాయింట్‌మెంటు దొరికేసరికి పుండు మానిపోతుందనే టెన్షన్ వద్దు. ఉన్నప్పుడే ఫోన్లో ఫోటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి. ఎవరికీ పంపక్కర్లేదు, గదిలో డాక్టరుకు చూపిస్తే చాలు.