అపోహలు – వాస్తవాలు: టవర్‌క్లాక్ దగ్గర మాటలు, పల్లెల్లో లెక్కలు

ఇరవై ఏళ్లుగా నా పని ఇతరుల ఇళ్లల్లో కూర్చుని వాళ్ల జమాఖర్చులు రాయడం. పల్లె కుటుంబాల ఆదాయ వ్యయాల సర్వే అంటారు దీన్ని. ఉమ్మడి అనంతపురం జిల్లాలో నేను బస్సు దిగని మండలాలు తక్కువ. ఎంత పండింది, ఎంతకు అమ్మారు, వడ్డీ ఎంత కట్టారు, ఆస్పత్రికి ఎంత అయింది... ఒక్కో ఇంటికి మూడు గంటలు పడుతుంది. మొదటి అరగంట ఎవరూ నిజం చెప్పరు. మజ్జిగ ఇచ్చాక చెబుతారు.

సాయంత్రం అనంతపురం టౌనుకొచ్చి టవర్‌క్లాక్ దగ్గర టీ తాగుతుంటే, అవే పల్లెల గురించి పక్క బెంచీ మీద మాటలు వినిపిస్తాయి. పొద్దున రాసిన లెక్కకూ ఆ మాటలకూ పొంతనే ఉండదు. ఎక్కువసార్లు విన్నవి కొన్ని ఇక్కడ పెడుతున్నా. నేను ఏ వైపో దాచుకోను, కూలి చేసేవాళ్ల వైపు నుంచి చూస్తాను. కూడికలు తీసివేతలు మాత్రం ఎటునుంచి చూసినా ఒకటే.

అపోహ: సీమలో వాన లేదు, అందుకే పేదరికం. దేవుడు చేసిన దానికి ఎవరేం చేస్తారు?

వాన తక్కువన్నది నిజమే. జిల్లా సగటు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా అడిగినప్పుడు పడదు. పదునైందని శెనక్కాయ (వేరుశనగ) విత్తుతారు, చెట్టు ఊడలు దిగే సమయానికి నెల రోజులు బెట్ట పడుతుంది.

కానీ కళ్యాణదుర్గం వైపు ఒక శెనక్కాయ రైతు ఇంట్లో వరుసగా రెండేళ్లు నేను రాసుకున్న లెక్క చూడండి. 2018లో కరువు. ఎకరాకు విత్తనం, సేద్యం, ఎరువు, కలుపు, పీకిన కూలి అన్నీ కలిపి 15,500 ఖర్చు. నాలుగు మూటలు అయ్యాయి. కాయలకు, పశువుల మేతకు అమ్మిన కట్టెకు కలిపి 9,700 వచ్చింది. అంటే 5,800 పోయింది. దీన్ని కరువు నష్టం అంటే ఎవరైనా ఒప్పుకుంటారు.

అంతకు ముందు ఏడు 2017లో వాన బాగానే పడింది. తొమ్మిది మూటలు అయ్యాయి. ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 4,450 రూపాయలు. ఆయన ఇంటి దగ్గర అమ్మింది 3,600కి. ఖర్చులన్నీ పోగా ఎకరాకు మిగిలింది 600 రూపాయలు. ‘వాన పడితే ఇంత, పడకుంటే అంత. పడినా ఒరిగిందేముంది?’ అన్నాడాయన. ఆ ఆరు వందలకు దేవుణ్ని అడిగి లాభం లేదు.

మరి ఎవరిని అడగాలి? నూనెగింజలు పండించండి అని 1986లో కేంద్రం ప్రత్యేకంగా ఒక మిషన్ పెట్టింది. బయటి నుంచి నూనె సులువుగా రాకుండా కట్టడి కూడా ఉండేది. కొర్ర, సజ్జ, ఆరిక వేసే ఎర్రనేలల్లో కూడా శెనక్కాయ నిండిపోయింది. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. మొదట 65 శాతం సుంకం ఉండేది, 1998 నాటికి 15కి దింపారు. తర్వాత సుంకం పెరుగుతూ తగ్గుతూ వచ్చింది గానీ, ఇప్పుడు దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే. నేను చెప్పిన ఆ రైతు ఇంట్లో నాకు వేడివేడిగా బజ్జీలు వేసి పెట్టారు. గూట్లో చూస్తే ఉన్నది పామాయిల్ ప్యాకెట్. ఇంటి నిండా కాయల మూటలు ఉన్నవాళ్లు పామాయిల్ కొనుక్కుంటున్నారు. అది చవక మరి!

నీళ్ల సంగతీ ఇంతే. 1937 నవంబర్ 16న మద్రాసులోని శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకు మొదటి ప్రాధాన్యం అన్నారు. ఆ కాగితం గురించి సభల్లో వినడమే తప్ప కాలువలో చూసినవాళ్లు లేరు. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105 దగ్గర ఉంది. ఆ తగ్గుదల అక్కడి నుంచి మనకొచ్చే ఎగువ కాలువ (హెచ్‌ఎల్‌సీ) వాటాలో కూడా పడుతుంది. మనకు రావాల్సింది 32.5 టీఎంసీలని కాగితం మీద ఉంటుంది. ఎంత వస్తుందో కాలువ చివర ఉన్న రైతును అడగండి, టీఎంసీల్లో చెప్పడు, తిట్లలో చెబుతాడు.

అపోహ: కరువు పని (ఉపాధి హామీ) వచ్చి కూలోళ్లు సోమరులయ్యారు

దీంట్లో నా తప్పు కూడా ఉంది, ముందు అది చెప్పేస్తా. 2009లో నేను రాసిన ఒక రిపోర్టులో ‘కూలీల కొరతకు ఉపాధి హామీ కారణం’ అని ఒక వాక్యం పెట్టాను. ముగ్గురు పెద్ద రైతులు చెప్పారు, రాసుకున్నాను, అంతే. తర్వాత అదే ఊళ్ల జాబ్‌కార్డులు ముందు వేసుకుని నెలల వారీగా పనిదినాలు కూడితే, ఎక్కువ భాగం ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలో ఉన్నాయి. ఆ రోజుల్లో మెట్ట పొలంలో పనేముంటుంది? విత్తనం పడేది ఆ తర్వాతే. మగవాళ్లు కనిపించకపోవడానికి కారణం బెంగళూరు. అక్కడ అపార్టుమెంట్ల పనికి మా ఊరి కూలికి రెండింతలు ఇచ్చేవాళ్లు. ఆ వాక్యం తీసేయమని అడిగేసరికి రిపోర్టు అచ్చయిపోయింది.

దేశంలో ఈ పథకం మొదలైంది మన జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. అప్పట్లో కూలి 80 రూపాయలు. అదే ఏడు కలుపు తీసినందుకు ఆడవాళ్లకు ఇచ్చింది 40, 50 అని నా పుస్తకంలో ఉంది. ఆడకూ మగకూ ఒకటే రేటు అనేసరికి పొలం కూలి కూడా మెల్లగా కదిలింది. ‘సోమరితనం’ అన్న మాట నాకు ఎక్కువగా వినపడడం మొదలైంది అప్పటి నుంచే.

పనేమైనా సుఖంగా ఉండేదా అంటే, 2025–26లో మన రాష్ట్రంలో రోజుకూలి 307 రూపాయలని ప్రకటించారు. అది చేతికి రావాలంటే గుంత కొలతకు రావాల్సి ఉండేది. మే నెలలో గట్టినేల మీద గడ్డపారతో తవ్వి, కొలత తగ్గిందని 220, 230తో ఇంటికి పోయినవాళ్లు ఎందరో. దానికి తోడు రోజుకు రెండుసార్లు పని చూసే మేట్ ఫోన్‌లో ఫొటో పడాల్సి వచ్చేది. సిగ్నల్ లేకపోతే ఆ రోజు పని గాలికి.

‘కరువు పని’ అన్న పేరు మనవాళ్లు ఊరికే పెట్టలేదు. 1876–78 కరువులో, అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్నప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీకి వైస్రాయ్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం చాలన్నాడు. సుమారు 450 గ్రాములు, దానితో పాటు కొంచెం చిల్లర. ఎక్కువ ఇస్తే జనం సర్కారు మీద పడి తింటారని భయం. ఆ కూలితో రాళ్లు కొట్టినవాళ్లు పిట్టల్లా రాలిపోయారు. టవర్‌క్లాక్ బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషికి టెంపుల్ ఎవరో తెలియదు, మాట మాత్రం అదే మాట.

అపోహ: పన్ను కట్టేది మేము, ఉచితాలు తినేది వాళ్లు

ఉరవకొండ దగ్గర ఒక కూలి ఆమె సంత చీటీ నా దగ్గరుంది. ఒళ్లు సబ్బు, షాంపూ ప్యాకెట్లు, తలనూనె, పళ్లపొడి. 2017 జూలై నుంచి 2025 సెప్టెంబర్ దాకా ఒళ్లు సబ్బు, తలనూనెల మీద జీఎస్టీ 18 శాతం; షాంపూ మీద మొదట 28, ఆ నవంబర్ నుంచి 18. తర్వాతే 5కి తగ్గింది. ఆమె కొన్న షాంపూ మీద పన్ను శాతమూ టౌనులో డాక్టరు గారు కొన్న షాంపూ మీద పన్ను శాతమూ ఒకటే. ఆమె మొగుడు తాగే క్వార్టర్ సీసాలో రాష్ట్రానికి పోయే వాటా సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. ఇన్‌కం ట్యాక్స్ కట్టనంత మాత్రాన పన్ను కట్టనట్టు కాదు.

2019 సెప్టెంబర్‌లో కేంద్రం కంపెనీల పన్ను రేటు 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. దానివల్ల ఏడాదికి 1,45,000 కోట్ల రాబడి వదులుకుంటున్నామని ఆర్థిక మంత్రే చెప్పారు. దాన్ని ఎవరూ ఉచితం అనలేదు. ప్రోత్సాహకం అన్నారు. రేషన్ షాపు ముందు నిలబడితే ఉచితం, సెక్రటేరియట్‌లో ఏసీ గదిలో కూర్చుంటే ప్రోత్సాహకం.

అయితే ఒక మాట, ఇది మావాళ్లలో చాలామంది ఒప్పుకోరు. 1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యం సీమలో ఆకలిని ఆపింది, అందులో నాకు అనుమానం లేదు. కానీ సంగటికి కొర్ర, జొన్న కొనేవాడు లేకుండా పోయాడు. అదే షాపులో కొర్రలు కూడా పెట్టి, మద్దతు ధరకు మన దగ్గరే కొని ఉంటే ఈ పొలాల లెక్క ఇంకో రకంగా ఉండేది. సంక్షేమం ఎంత అన్నదే చర్చ అవుతోంది, ఏది ఎక్కడ నుంచి కొని పెడుతున్నారని ఎవరూ అడగడం లేదు.

అపోహ: ఒక్క పెద్ద ఫ్యాక్టరీ వస్తే అన్నీ అవే సర్దుకుంటాయి

ఫ్యాక్టరీలు వద్దనే మనిషిని కాను. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక చుట్టుపక్కల మార్పు కళ్లకు కనిపిస్తోంది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ప్లాంటుగా మొదలైంది అది. నేను చూసేది నేల ఇచ్చిన ఇంటి లెక్కను. సోలార్ విషయంలో ఇది బాగా తెలుస్తుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కుకు 5,932 ఎకరాలు పోయాయి. మా వైపు ఎన్‌పీ కుంటలోనూ వేల ఎకరాల్లో అద్దాలు పరిచారు.

పరిహారం కాగితం ఉన్నవాడికి వస్తుంది. పట్టా ఉన్నవాడికి ఎంతో కొంత. కాగితం లేకుండా తాత కాలం నుంచి దున్నుకుంటున్నవాడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ బీళ్లలో గొర్రెలు మేపుకునేవాడికి పరిహారం అన్న ఆలోచనే ఎవరికీ రాదు. కంచె పడ్డాక ఒక గొర్రెల కాపరి ఇంట్లో అడిగితే, మంద 80 నుంచి 25కి వచ్చిందన్నారు. కొడుకు ఆ కంచె లోపలే అద్దాలు కడిగే పనికి కాంట్రాక్టరు కింద చేరాడు. నా ఫారంలో ఆ ఇల్లు ‘ఉద్యోగం వచ్చిన కుటుంబం’ కిందికి వెళ్లింది.

అపోహ: ఫ్యాక్షన్ సీమ రక్తంలోనే ఉంది

దీని మీద ఎక్కువ రాయను, సినిమాలు చాలినంత తీశాయి. రక్తంలోనే ఉంటే కాంట్రాక్టు టెండర్ల రోజున, క్వారీ లీజుల రోజున, సారా వేలం పాటల కాలంలో మాత్రమే ఎందుకు పొంగింది? 1800లో ఈ జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చినప్పుడు కలెక్టరు మన్రో పాళెగాళ్లను అణిచి, రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైతువారీ పెట్టాడు. కానీ ఊరి మీద పెత్తనం, నీళ్ల మీద పెత్తనం ఎటూ పోలేదు, చేతులు మారాయంతే. చచ్చిపోయినవాళ్ల ఇళ్లకు కూడా నేను లెక్కలు రాయడానికి వెళ్లాను. ఇరువైపులా ఎక్కువమంది కూలోళ్లు, చిన్న రైతులే. నాయకుల ఇళ్లకు సర్వే వాళ్లను రానివ్వరు.

అపోహ: రైతు అంటే పొలం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు

నా పనిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే, ఎందుకంటే సర్కారు ఫారాలే అట్లా ఉంటాయి. 2019లో వచ్చిన పీఎం కిసాన్ ఏడాదికి 6,000 ఇస్తుంది, అది పొలం పేరున ఉన్న కుటుంబానికి మాత్రమే. గుత్తకు (కౌలుకు) చేసేవాళ్లకు రాదు. వాళ్ల కోసం రాష్ట్రంలో 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. రెండోదాని కింద పదకొండు నెలలకు సాగు హక్కు పత్రం ఇస్తారు. కానీ దాని మీద పొలం ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమో అని ఆయన భయం. పోదని చట్టంలోనే రాసి ఉన్నా, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న ఆసామి ఆ చట్టం చదివి సంతకం పెడతాడని నేను అనుకోను.

శింగనమల వైపు ఒక ఆమె మూడెకరాలు గుత్తకు చేస్తుంది. మొగుడు బెంగళూరులో సెంట్రింగ్ పని, పండగకొస్తాడు. విత్తనం ఆమె తెస్తుంది, కలుపు ఆమె తీస్తుంది, కాయలు ఆమె పీకుతుంది. పంటకు బ్యాంకు అప్పు పుట్టదు కాబట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఆ అప్పు కాగితం మీద మాత్రం ఆమె వేలిముద్రే ఉంది.

ఫారంలో ‘రైతు పేరు’ గడిలో ఆసామి పేరు రాశాను. ఆమెకు మిగిలింది ‘వృత్తి’ గడి. అందులో గృహిణి, వ్యవసాయ కూలీ, ఇతరములు అని మూడే ఉన్నాయి.

‘ఏం రాస్తివక్కా?’ అని తొంగి చూసింది.

పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నా. చివరికి గడి పక్కన ఖాళీలో ‘గుత్త రైతు’ అని రాసి, ఆమె పేరు వేశాను. వారం తర్వాత ఆఫీసు నుంచి ఫోను. మార్జిన్‌లో రాసినవి కంప్యూటర్ తీసుకోదట, ఏదో ఒక నంబరు వేయమన్నారు.

‘ఇతరములు’ కింద వేశారు.