ఒక్క శాతం సెస్సు: డబ్బు జమైంది, కూలీ పేరు ఎక్కలేదు

కొత్త బిల్డింగ్ ప్లాను మంజూరు కోసం కట్టే ఫీజుల్లో ‘లేబర్ సెస్సు’ అనే పద్దు ఒకటి ఉంటుంది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం. అన్ని ఫీజులతోపాటు ఇదీ ఒకటి అనుకుని జనం కట్టేస్తారు. ప్రభుత్వం కట్టించే వంతెనలు, రోడ్లు, డ్యాములైతే కాంట్రాక్టరు బిల్లులోంచే పట్టుకుంటారు. ఎలా వసూలైనా ఆ డబ్బు రాష్ట్రంలోని భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు చేరాలి. పనిలో చనిపోయిన కూలీ కుటుంబానికి సాయం, కాన్పు ఖర్చు, పిల్లల చదువు, అరవై దాటాక పెన్షన్ అందులోంచి ఇవ్వాలి.

2018 మార్చి 19న సుప్రీంకోర్టులో జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తాల ధర్మాసనం ఈ సెస్సు మీద తీర్పు ఇచ్చే నాటికి దేశం మొత్తం మీద వసూలైంది 37,400 కోట్ల రూపాయల పైమాటే. కార్మికుల పేరిట ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. సంక్షేమం పేరుతో వాషింగ్ మెషీన్లు, లాప్‌టాప్‌లు కొన్న సంగతీ ఈ కేసులోనే బయటపడింది. రెండేళ్ల తర్వాత, సరిగ్గా లాక్‌డౌన్ ప్రకటించిన 2020 మార్చి 24న, కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. సెస్సు నిధి దాదాపు 52,000 కోట్లు ఉంది, నమోదైన కార్మికులు 3.5 కోట్ల మంది ఉన్నారు, వాళ్ల ఖాతాల్లో డబ్బు వేయండి అని దాని సారాంశం. ఆ తర్వాతి వారాల్లో జాతీయ రహదారుల మీద మూటాముల్లెతో నడిచిపోయిన వాళ్లలో భవన కూలీలు ఎంతమందో అందరం చూశాం.

అధికారుల నిర్లక్ష్యం, దళారుల చేతివాటం అని తిట్టుకోవచ్చు. రెండూ ఉన్నాయి. కానీ అసలు చిక్కు ఈ సెస్సు తెచ్చిన చట్టం పుట్టుకలోనే ఉంది. కట్టడాన్ని లెక్కపెట్టడం ప్రభుత్వానికి ఎప్పుడూ చేతనవును. దాన్ని కట్టే మనిషిని లెక్కపెట్టడమే చేతకాలేదు, ఎందుకంటే ఆ మనిషి లెక్క మొదటినుంచీ ఇంకొకరి దగ్గర ఉంది. ఆ ఇంకొకరు మేస్త్రీ.

తెలుగు పాఠకులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటుందని పేరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ 124 మీటర్ల ఎత్తు రాతికట్టడం. యంత్రాల మీద కన్నా మనుషుల మీద ఎక్కువ ఆధారపడి, రాయి మీద రాయి పేర్చి కట్టారు. కట్టిన ఇంజనీర్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఉండాల్సిందే. కూలీల పేర్లు మాత్రం గుంపు మేస్త్రీల నోట్లో, వాళ్ల చిత్తు పుస్తకాల్లో ఉన్నాయి. ఊళ్లో పని లేని రోజుల్లో గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. భార్యాభర్తలు ఇద్దరూ సీజను మొత్తానికి అతనికి కట్టుబడిపోతారు. దూరంగా, భాష తెలియని చోట పని. అక్కడ ఎవరి దగ్గర పని చేస్తున్నామో కూలీకి తెలియదు, ఎవరు పని చేస్తున్నారో కంపెనీకి తెలియదు. ఇద్దరికీ తెలిసింది మేస్త్రీ ఒక్కడే. మేస్త్రీని విలన్‌గా చూపించడం మనకు అలవాటు గానీ, చాలాసార్లు అతనూ నిన్నటిదాకా తట్ట మోసినవాడే.

చట్టం ఈ మధ్యవాడిని పట్టుకోవడానికి రెండు ప్రయత్నాలు చేసింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని ఇచ్చిన ప్రధాన యజమానే కట్టాలంది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఒడిశాలో ‘దాదన్’ పేరుతో కూలీలను దూర ప్రాంతాలకు తోలే పద్ధతి మీద వచ్చిన ఆందోళన దానికి నేపథ్యం. వలస కూలీకి పాస్‌బుక్ ఇవ్వాలని, కదిలించినందుకు భత్యం ఇవ్వాలని, రానుపోను ఖర్చు భరించాలని అందులో రాశారు. చదవడానికి ఇప్పటికీ ముచ్చటగా ఉండే చట్టం. పాస్‌బుక్ చేతపట్టుకున్న కూలీని చూసినవాళ్లు మాత్రం అరుదు.

అసలు కథ 1982లో ఢిల్లీలో మలుపు తిరిగింది. ఆ ఏడాది నవంబరులో ఆసియా క్రీడలు. స్టేడియాలు, ఫ్లైఓవర్లు, క్రీడాగ్రామం, హోటళ్లు, అన్నీ గడువులోపు పూర్తి కావాలి. దేశం నలుమూలల నుంచి కూలీలను తోలుకొచ్చారు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ అనే హక్కుల సంఘం ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలతో ఆ పనిస్థలాలను పరిశీలింపజేసింది. ఆ నివేదికను ఆధారం చేసుకుని సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎన్. భగవతికి ఒక ఉత్తరం రాసింది. కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది.

ఆ కేసులో తేలిన ఒక చిన్న లెక్క, నా దృష్టిలో, తర్వాతి నలభై ఏళ్ల కథంతటికీ తాళంచెవి. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టరు ఆ డబ్బును జమాదారు చేతికి ఇస్తాడు. జమాదారు అంటే మన మేస్త్రీయే. అతను మనిషికి రోజుకు రూపాయి కమీషన్ పట్టుకుని మిగతాది ఇస్తాడు. కూలీ చేతికి వచ్చేది 8 రూపాయల 25 పైసలు. ఆడవాళ్లకు ఏడు రూపాయలే ఇస్తున్నారని పిటిషన్ ఆరోపించింది. ఈ రూపాయి కోత సంగతిని ప్రభుత్వం కూడా కాదనలేదు. కాంట్రాక్టరు పుస్తకంలో పూర్తి కూలి పడింది. చట్టం ఆ పుస్తకాన్నే చూస్తుంది. మాయమైన రూపాయి పుస్తకం బయట ఉంది.

1982 సెప్టెంబరు 18 నాటి తీర్పు చాలా దూరం వెళ్లింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. నిర్మాణ పని ప్రమాదకరమైనది కాబట్టి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను అందులో పెట్టడం 24వ అధికరణానికి విరుద్ధం అంది. కమీషన్ కోయకుండా కూలి నేరుగా కార్మికుడి చేతికే ఇవ్వాలంది. క్రీడలు మాత్రం అనుకున్న తేదీకే జరిగాయి. కట్టినవాళ్లు అప్పటికే ఇంకో పనికి తరలిపోయారు.

నిర్మాణ కార్మికులకంటూ ప్రత్యేక చట్టం ఉండాలన్న ఉద్యమం ఆ తర్వాత ఊపందుకుంది. 1985లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ నాయకత్వంలో నిర్మాణ కార్మికుల కేంద్ర చట్టం కోసం జాతీయ ప్రచార కమిటీ ఏర్పడింది. ఇవాళ ఈ కమిటీ పేరు చెప్తే సెస్సు కోసం పోరాడినవాళ్లు అంటారు. వాళ్లు అడిగింది అంతకన్నా పెద్దది. యజమానులు, కార్మికులు, ప్రభుత్వం ముగ్గురూ ఉండే బోర్డు కావాలన్నారు. యజమానులూ కార్మికులూ అందులో పేరు నమోదు చేసుకోవాలి, పని ఆ బోర్డు ద్వారానే దొరకాలి, కూలి ఆ బోర్డు ద్వారానే అందాలి.

ఇది గాలిలో మేడ కాదు. ఓడరేవు కార్మికులకు 1948 నాటి చట్టం కింద అలాంటి ఏర్పాటు ఉండేది. అంతకన్నా దగ్గరి ఉదాహరణ మహారాష్ట్ర. అక్కడ మార్కెట్లలో మూటలు మోసే హమాలీల కోసం 1969లో మథాడీ చట్టం తెచ్చారు. నమోదైన హమాలీ ఎవరి దగ్గర మూటలు దించినా, ఆ వ్యాపారి కూలినీ దానిమీద లెవీనీ బోర్డుకు కడతాడు. బోర్డు కార్మికుడికి జీతం ఇస్తుంది. లెవీలోంచి ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, వైద్యం చూస్తుంది. రోజుకో దుకాణంలో పని చేసేవాడికి బోర్డే స్థిరమైన చిరునామా. మేస్త్రీ చేసే పని బోర్డు చేస్తుంది, రూపాయి కోయకుండా. మథాడీ బోర్డుల్లోనూ లోపాలు లేకపోలేదు. అయినా మనిషిని లెక్కలోకి తెచ్చే దారి ఒకటి అప్పటికే దేశంలో ఉంది.

పార్లమెంటు ఆ దారి పట్టలేదు. 1995 నవంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1996 ఆగస్టులో చట్టాలైన జంటలో ఒకటి పని పరిస్థితులకు, రెండోది సెస్సుకు. బోర్డు వచ్చింది గానీ అది సంక్షేమ బోర్డు మాత్రమే. పని ఇవ్వదు, కూలి పంచదు, సైటులో ఎవరున్నారో దానికి తెలిసే మార్గం లేదు. సరళీకరణ వేడిలో ఉన్న ఆ రోజుల్లో కూలీని పెట్టుకునే అధికారాన్ని బోర్డు చేతికి ఇవ్వడానికి ఎవరూ ఇష్టపడి ఉండరని నా అంచనా. సెస్సు ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉండొచ్చని చట్టం అంటే, కేంద్రం ఒకటితో సరిపెట్టింది.

చట్టం వచ్చాక రాష్ట్రాలు నిద్రపోయాయి. కేరళ, తమిళనాడుల్లో అంతకుముందే సొంత చట్టాలు ఉన్నాయి కాబట్టి అక్కడ పని నడిచింది. ఢిల్లీ నియమాలు రాసుకునేసరికి 2002 అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బోర్డు ఏర్పడింది 2007లో. మధ్యలో, 2006లో, అదే ప్రచార కమిటీ సుప్రీంకోర్టుకెక్కింది. ఆ తర్వాత కోర్టు తరుముతుంటే ఒక్కొక్క రాష్ట్రం కదిలింది. సెస్సు చెల్లదంటూ బిల్డర్లు వేసిన కేసును 2011లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇది పన్ను కాదు, ఫీజు అని ఆ తీర్పు తేల్చింది. ఫీజు అంటే దేనికోసం వసూలు చేశారో దానికే వాడాలి. 2018లో వాషింగ్ మెషీన్ల మీద కోర్టుకు అంత కోపం రావడానికి ఇదీ ఒక కారణం.

వసూలు ఇలా గాడిన పడింది. నమోదు దగ్గరే అంతా ఆగింది. బోర్డులో పేరు ఎక్కాలంటే పద్దెనిమిది నుంచి అరవై లోపు వయసుండి, గత పన్నెండు నెలల్లో కనీసం తొంభై రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. తొంభై రోజులు పెద్ద షరతు కాదు, చేసే పనే అది. కానీ రుజువు ఎవరిస్తారు? ఉదయం అడ్డా మీద నిలబడి ఇవాళ ఒకచోట సెంట్రింగుకు, రేపు ఇంకోచోట స్లాబుకు వెళ్లేవాడికి సర్టిఫికెట్ రాసే యజమాని లేడు. పెద్ద కంపెనీ సైటులో ఉన్నా మస్టరులో ఉండేది సబ్ కాంట్రాక్టరు పేరు, దాని కింద తలల లెక్క. చట్టం సర్టిఫికెట్ అడిగింది, మేస్త్రీ సర్టిఫికెట్ రాయడు. రాస్తే రేపు బాధ్యత తనమీదికి వస్తుందని భయం. ఈ ఖాళీలోకే దళారులు వచ్చారు. ఎప్పుడూ ఇటుక ముట్టనివాళ్లకు కార్డులు, తాపీ పట్టి చేతులు కాయలు కాసినవాళ్లకు తిప్పలు. కార్డు దొరికినా చందా ఏడాదిపాటు కట్టకపోతే సభ్యత్వం పోతుందని పాత చట్టంలో ఉండేది. ఏడాదిలో సగం వేరే రాష్ట్రంలో ఉండేవాడు కట్టడానికి ఎక్కడికి వెళ్తాడు?

రాష్ట్రాల సరిహద్దు ఇంకో గోడ. సెస్సు భవనం ఉన్న చోట వసూలవుతుంది. కూలీ ఇల్లు ఇంకోచోట ఉంటుంది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లిన వాళ్లు వాళ్లలో ఎందరో. భవనం తమిళనాడుది, సెస్సు అక్కడి బోర్డుది. కార్డంటూ ఉంటే అది ఊళ్లోని ఆంధ్ర బోర్డుది. చెన్నైలో కట్టిన సెస్సు పలాస మనిషికి చేరే తోవ పాత చట్టంలో ఎక్కడా లేదు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి రావడంతో 1996 నాటి ఆ జంట చట్టాలు పోయాయి. సెస్సు, సంక్షేమ బోర్డు సామాజిక భద్రతా కోడ్‌లోకి, పని పరిస్థితులు వృత్తి భద్రతా కోడ్‌లోకి వెళ్లాయి. వలస కార్మికుడు తాను పనిచేసే రాష్ట్రంలోనే సెస్సు నిధి ప్రయోజనాలు పొందేందుకు ఏర్పాటు ఉండాలని కొత్త కోడ్ అంటోంది. మౌలివాక్కం లాంటి చోట ఇది నిజంగా పనికొచ్చే మార్పు, రాష్ట్రాలు నియమాలు రాసి అమలు చేస్తే. సెస్సు ఎంతో యజమాని తానే లెక్కగట్టి కట్టుకోవచ్చు. తొంభై రోజుల షరతు అలాగే ఉంది.

పెద్దగా చర్చకు రాని మార్పు ఒకటుంది. సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇంటికి పాత చట్టంలో పది లక్షల వ్యయం దాకా మినహాయింపు ఉండేది. కొత్త కోడ్‌లో అది యాభై లక్షలైంది. ముప్పై ఏళ్లలో ధరలు పెరిగాయి కాబట్టి పరిమితి పెంచడంలో తప్పేమీ లేదని ఇల్లు కట్టుకునేవాళ్లు అంటారు. వాళ్ల మాటా నిజమే. అయితే యాభై లక్షల లోపు ఇల్లంటే చిన్న పట్టణాల్లోనూ పల్లెల్లోనూ కట్టే ఇళ్లలో అత్యధిక భాగం. అడ్డా కూలీకి ఎక్కువ పనిదినాలు దొరికేది అక్కడే. కోడ్ అక్షరాలా చదివితే అలాంటి ఇంటి పని ‘భవన నిర్మాణ పని’ నిర్వచనంలోకే రాదు. సెస్సు రాకపోవడం బోర్డుకు నష్టం. ఆ ఇంట్లో చేసిన రోజులు తొంభైలో లెక్కకు వస్తాయా అన్నది కూలీ అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు రాష్ట్రాల నియమాల్లో స్పష్టంగా రాయాలి.