వదిలేసిన బండి వీధిలోంచి ఎందుకు కదలదు

టైర్లలో గాలి పోయి, అద్దాల మీద మందంగా దుమ్ము పట్టి, సీట్ల కింద ఎలుకలు కాపురం పెట్టిన కారు ఇంచుమించు ప్రతి కాలనీలోనూ ఒకటి ఉంటుంది. మున్సిపాలిటీని అడిగితే ట్రాఫిక్ పోలీసులకు చెప్పమంటారు. పోలీసులు ముందు ఓనరెవరో తేలాలంటారు. ఇందులో సిబ్బంది అలసత్వం కొంత ఉన్నా అసలు చిక్కు చట్టంలోనే ఉంది. చెత్తను తీసేయడానికి ఒక దారి, ఒకరి ఆస్తిని తీసేయడానికి ఇంకో దారి అని చట్టం మొదటినుంచీ వేరు చేస్తూ వచ్చింది. పాడుబడ్డ బండి చూడ్డానికి చెత్తే, రికార్డులో మాత్రం ఆస్తి.

మూలం 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో ఉంది. ఇంగ్లండు న్యాయ సంప్రదాయం నుంచి తెచ్చుకున్న పబ్లిక్ న్యూసెన్స్ అనే భావనను అందులోని 268వ సెక్షన్ నిర్వచించింది. పక్కింటివాడొక్కడికే ఇబ్బంది అయితే చాలదు, జనానికి ఉమ్మడిగా హానో, ప్రమాదమో, చికాకో కలగాలి. దానికి జరిమానా 200 రూపాయల దాకా. దారికి అడ్డం పెట్టినందుకు 283వ సెక్షన్ కింద కూడా అంతే. 1862 జనవరి 1న కోడ్ అమల్లోకి వచ్చినప్పటి ఆ అంకె 2024 జూన్ 30 దాకా అలాగే ఉండిపోయింది. మర్నాటి నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత న్యూసెన్స్ జరిమానాను 1,000 రూపాయలకు, దారికి అడ్డం పెట్టినందుకు 5,000కు పెంచింది. అయితే జరిమానా కట్టించుకున్నంత మాత్రాన బండి అంగుళం కూడా జరగదు.

జరిపించే అధికారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్‌ది, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేటు ముందు షరతుతో కూడిన ఉత్తర్వు ఇస్తారు: ఇన్ని రోజుల్లో తీసెయ్, లేదా వచ్చి ఎందుకు తీయనో చెప్పు. అవతలివాళ్లు వచ్చి కాదంటే సాక్ష్యం తీసుకోవాలి. పాత కోడ్‌లో ఈ విచారణకు గడువు లేదు, కొత్తదానిలో 90 రోజులు, కారణాలు రాసి 120 దాకా పొడిగించవచ్చు. ఈ సెక్షన్‌కు నిజమైన బలం వచ్చింది 1980లో. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగు కాలువల కంపు భరించలేక జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే, డబ్బు లేదని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. నిధుల్లేవన్న సాకు చెల్లదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఫిర్యాదు చేసేవాళ్లు ఈ తీర్పును తప్పక గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే క్రేన్ లేదు, స్థలం లేదు అనే జవాబులు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి.

ఇక మున్సిపల్ చట్టాల సంగతి. వీధిలో పడేసిన ఇసుక కుప్పను, ఇటుకలను, తుక్కును నగరపాలక సంస్థ నేరుగా తొలగించగలదు. వాటిమీద ఎవరి పేరూ రాసి ఉండదు. బండికి మాత్రం ఆర్సీ ఉంది, ఛాసిస్ నంబరుంది, చాలాసార్లు అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ హక్కు కూడా ఉంది. రేపు అది దొంగిలించిన బండి అని తేలితే కేసులో సాక్ష్యం కూడా. అందుకే పారిశుద్ధ్య సిబ్బంది దాని చుట్టూ ఊడుస్తారు గానీ దాన్ని ముట్టుకోరు.

1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ఈ లోటు తీర్చాలి. బహిరంగ స్థలంలో 10 గంటలు, ఆపైన వదిలేసి ఉన్న బండిని టోయింగ్ చేయించమని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చెప్పవచ్చు. కాలిపోయిందో, విడిభాగాలు ఊడిపోయిందో అయి రాకపోకలకు ప్రమాదంగా ఉంటే వెంటనే తీయించవచ్చు, ఖర్చు ఓనరుదే. కానీ రాత్రి ఎనిమిదికి ఇంటి ముందు పెట్టి పొద్దున ఏడింటికి తీసే కారుకూ 11 గంటలవుతుంది. వదిలేయడం అంటే ఏమిటో చట్టం చెప్పలేదు. అంత వెడల్పైన అధికారాన్ని వాడటానికి అధికారులు జంకుతారు.

టోయింగ్ అయ్యాక ఇంకో నిరీక్షణ. హక్కుదారు లేని సొత్తు దొరికితే ప్రకటన ఇచ్చి ఆరు నెలలు ఆగాలని 1861 పోలీసు చట్టం పెట్టిన పద్ధతి ఇప్పటికీ పోలేదు. హైదరాబాద్ ప్రాంత పోలీస్ కమిషనరేట్లు వేలానికి ముందు ఇచ్చే ప్రకటనల్లో కనిపించేది ఆ ఆరు నెలల గడువే. స్టేషన్ ఆవరణలో తుప్పుపట్టేవాటిలో చాలా బండ్లు కేసుల్లో పట్టుబడినవి. ఫొటోలు, పంచనామా ఉంచుకుని అలాంటివాటిని త్వరగా వదిలించుకోవాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ దీనికి కోర్టుకు గడువులు పెట్టింది: 14 రోజుల్లో వివరాల పత్రం, ఆపైన 30 రోజుల్లో ఏం చేయాలో ఉత్తర్వు.

అమ్మేశాను, నాకు సంబంధం లేదనేవాళ్లు చాలామంది. ఆర్సీ మార్పించకపోతే ఆ మాటకు బలం లేదు. అమ్మినవాళ్లు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలి. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని ప్రమాద పరిహారం కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

వదిలించుకునే సరైన దారి ఈమధ్య దాకా లేనేలేదు. 2021 నిబంధనలతో రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాలు వచ్చాయి. బండి దొంగదా, దానిమీద అప్పుందా అని చూసుకున్నాకే అక్కడ తీసుకుంటారు, బండి అప్పగించినట్టు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. పాత ఇనుము కొట్టుకు తూకానికేస్తే ఆ కాగితం రాదు, రిజిస్ట్రేషన్ ఓనరు పేరు మీదే బతికి ఉంటుంది.

ఫిర్యాదు రాసేటప్పుడు బండి నంబరు, అది లేకపోతే బయటికి కనిపిస్తే ఛాసిస్ నంబరు, చోటు గుర్తులు, 10 గంటలకు పైగా తేడాతో తేదీ, సమయం పడేలా తీసిన రెండు ఫొటోలు జతచేయాలి. గాలి లేని టైర్లు, పగిలిన అద్దం, కారుతున్న ఆయిల్, నిలిచిన నీళ్లలో దోమలు, ఏది ఉంటే అది రాయాలి. బండి అందంగా లేదని రాస్తే పని జరగదు, అంబులెన్స్ తిరగలేకపోతోందని కొలతతో రాస్తే జరుగుతుంది. ట్రాఫిక్ పోలీసులకు మోటారు వాహనాల చట్టం 127 కింద ఒకటి, మున్సిపల్ కమిషనర్‌కు ఒకటి ఇచ్చి రసీదు తీసుకోవాలి. రెండూ కదలకపోతే ఆ రసీదులతోనే ఆర్డీవో దగ్గర నాగరిక్ సురక్షా సంహిత 152 కింద అర్జీ పెట్టుకోవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్న బండికి మాత్రం 127 సాధారణంగా వర్తించదు, అది జనానికి హక్కుగా ప్రవేశమున్న చోటు కాదు. అక్కడ అసోసియేషన్ ఓనరుకు నోటీసిచ్చి సివిల్ కోర్టు దారి పట్టాల్సిందే.