గ్రౌండ్‌కొచ్చే పిల్లలకు

పిల్లలూ,

ఎండాకాలం సెలవుల్లో హన్మకొండ గ్రౌండ్‌లో మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ఆటలు నేర్పడానికి నాకు తోడొస్తామన్నారు, మస్తు సంతోషం. వాళ్లూ మీ ఈడు వాళ్లే, పదిహేను పదహారేళ్ల వాళ్లు, కాబట్టి బుజ్జీ, కన్నా అంటూ బుగ్గలు పట్టుకోవద్దు, పేరు పెట్టి పిలవండి.

మనకో అలవాటుంది, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేస్తాం. వాలీబాల్ సర్వీసే తీసుకోండి: ఎడమ కాలు ముందుకు, ఎడమ చేతిలో బంతి, కుడి చెయ్యి వెనక్కి, ఊపి కొట్టు. ఇన్ని ఒకేసారి వింటే ఏదీ నిలవదు. అందుకని నోటితో కాదు, చేసి చూపించండి, అదీ పక్కన నిలబడి, ఎందుకంటే ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. మొదట్లో బంతి మీరే పట్టుకోండి, కాలు మీరే సరిచేయండి, కొట్టడం ఒక్కటే వాళ్లకు వదిలేయండి. టప్పుమని బంతి లేచినప్పుడు ఆ మొహం చూడాలి మీరు! అది కుదిరాక బంతి వాళ్ల చేతికివ్వండి, ఆ తర్వాత కాలు కూడా వాళ్లనే పెట్టుకోనివ్వండి, ఇట్లా చివరి నుంచి మొదటికి రావాలి. చెయ్యి పట్టుకోవాల్సొస్తే అడిగి పట్టుకోండి, నాలుగు రోజులకు మోచేయి తాకితే సరిపోవాలి, ఇంకొన్నాళ్లకు వేలు చూపిస్తే చాలు. ఇవాళ "ఊపు" అని రేపు "లాగి కొట్టు" అనొద్దు, మీరంతా ఒకే మాట అనుకోండి.

పరుగులో ఇంకో తమాషా. "గీత దాకా ఉరుకు" అంటే సరిగ్గా గీత మీదే ఆగిపోతారు, చెప్పింది అదే కదా మరి. గీత దాటాక పది అడుగుల అవతల మీలో ఒకరు నిలబడి "నా దగ్గరికి రా" అనండి.

డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువ ఉండే స్థితి) ఉన్నవాళ్లలో కొందరికి మెడ పైభాగంలో ఎముకల కీలు వదులుగా ఉంటుంది. డాక్టర్ చూసి సరే అనేదాకా పల్టీలు, తలతో బంతి కొట్టడం వద్దే వద్దు. ఇందులో మాత్రం నా దగ్గర మినహాయింపు లేదు.

మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి టీ20లో ప్రపంచ రికార్డు కొట్టింది (క్రికెట్ అనుకునేరు, మేధో వైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగం అది), అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అట్లని ప్రతి పిల్లనూ "నువ్వూ దీప్తి కావాలె" అని టెన్షన్ పెట్టకండి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్ ఆటల పోటీల పద్ధతి నాకు నచ్చుతుంది, వయసూ సత్తా దగ్గర దగ్గరగా ఉన్నవాళ్లనే ఒకచోట పోటీకి దింపుతారు, నెమ్మదిగా ఉరికేవాళ్లకూ గెలుపోటములుండే అసలైన రేసు దొరుకుతుంది. మనమూ ముందు అందరి టైం రాసుకుని జతలు కడదాం. కావాలని ఓడిపోయే నాటకాలు వద్దు, వాళ్లు పసిగడతారు.

సోమవారం పొద్దున ఆరింటికల్లా రండి, ఎండ ముదరకముందే ముగిద్దాం. ఈలలు తేవద్దు, కొందరికి ఆ చప్పుడు పడదు, చెయ్యెత్తితే సరిపోతుంది.

మీ పీఈటీ తాత