బానెట్ మీది బిళ్ల ఎందుకు చదునైంది?

విశాఖ ఆశీల్‌మెట్ట సంపత్ వినాయక గుడి దగ్గర కొత్త బండ్లకు పూజ జరుగుతుంటే ఓసారి ఆగి చూడండి. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, టైర్ల కింద నిమ్మకాయలు, చివర్లో ముందువైపు కంపెనీ లోగోకి ఓ కుంకుమ బొట్టు. ఆ బొట్టు పడే చోటు ఈ ఐదారేళ్లలో మారిపోయింది. ఉబ్బెత్తుగా, అద్దంలా మెరిసే బిళ్లలు తగ్గి, నాలుగు గీతల్లో తేలిపోయే చదునైన గుర్తులు ఎక్కువయ్యాయి.

మనకి బాగా దగ్గరి ఉదాహరణ కొరియా కార్ల కంపెనీ కియా. 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని మీద కోడిగుడ్డు ఆకారపు గీత, లోపల మూడు ఇంగ్లిష్ అక్షరాలు. 2021 జనవరిలో కొరియాలో ఆ కంపెనీ లోగో మార్చింది, ఏప్రిల్లో అది ఇక్కడికీ వచ్చింది. గుడ్డు పోయింది, అక్షరాలు చెయ్యెత్తకుండా చేసిన సంతకంలా కలిసిపోయాయి. 'ఐ' పక్కన అడ్డగీత లేని 'ఏ' చేరేసరికి రెండూ కలిసి తిరగేసిన 'ఎన్'లా కనబడతాయి. దాంతో దేశదేశాల్లో జనం 'కేఎన్ కారు' ఏ కంపెనీదని గూగుల్లో వెతికారు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర పక్కపక్కన రెండు సెల్టోస్‌లు ఆగితే ఏది ముందు కొన్నదో బిళ్లే చెప్పేస్తుంది. నా ఓటు మాత్రం పాత గుడ్డుకే. అందంగా ఉందని కాదు, దూరం నుంచి చదవగలిగేవాళ్లం.

నిజానికి లోగోలు అందం కోసం పుట్టినవి కావు. చాలావాటి వెనక ఉన్నవి ఒప్పందాలూ, కోర్టు కాగితాలూ. ఆడీ నాలుగు ఉంగరాలు 1932లో కలిసిన నాలుగు కంపెనీలు. మెర్సిడెస్ కార్లు చేసే డైమ్లర్ కంపెనీ 1909లో మూడు కొనల నక్షత్రాన్ని రిజిస్టర్ చేయించింది. 1926లో బెంజ్‌తో కలిశాక దాని చుట్టూ బెంజ్ వాళ్ల ఆకుల దండ చేరింది. బీఎండబ్ల్యూది మరీ సరదా కథ. ఆ నీలం, తెలుపు ముక్కలు తిరిగే విమానం పంకా అని ఇప్పటికీ చాలామంది గట్టిగా వాదిస్తారు. 1917లో రిజిస్టర్ చేసినప్పుడు అవి బవేరియా రాష్ట్రపు రంగులు. రాష్ట్ర చిహ్నాన్ని వ్యాపారానికి వాడటం అప్పటి చట్టం ఒప్పుకోదు కాబట్టి రంగుల వరస తిప్పేశారు. పంకా సంగతి 1929లో వచ్చిన ఒక ప్రకటన బొమ్మ పుణ్యం.

ఇక ఆ మెరుపు సంగతి. అంబాసిడర్ రోజుల్లో కారు ముక్కు మీది మెరుపులు చాలావరకు లోహానివే. తర్వాత వచ్చిన బిళ్లలు ఎక్కువగా ప్లాస్టిక్. దాని మీద రాగి, నికెల్ పూతలు, అన్నిటికన్నా పైన క్రోమ్. ఆ క్రోమ్ పొర మందం మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. మన బీచ్ రోడ్డు గాలికి అదెంత? సన్నటి పగుళ్లలోంచి ఉప్పు లోపలికి దిగి నికెల్‌ని తినేస్తుంది. మచ్చలొస్తాయి, పొక్కులు లేస్తాయి, ఒక రోజు కడుగుతుంటే పెచ్చు ఊడొస్తుంది. సముద్రం పక్క అపార్ట్‌మెంట్లలో బయట పార్క్ చేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పైగా క్రోమ్ పూత పనిలో వాడే రసాయనాలు ప్రమాదకరమైనవి. యూరప్ వాటి మీద గట్టి ఆంక్షలు పెట్టింది. సుజుకి 2025లో, 22 ఏళ్ల తర్వాత, తన 'ఎస్' గుర్తుని సవరించినప్పుడు క్రోమ్ మానేసి వెండి రంగు పెయింట్‌కి మారుతున్నట్టు చెప్పింది.

కానీ లోగోలు చదును కావడానికి అసలు ఒత్తిడి సెల్‌ఫోన్ నుంచి వచ్చింది. గోరంత యాప్ బొమ్మలో నీడలు, మెరుపులు అలుక్కుపోతాయి. చదును గీత నిలుస్తుంది. 2019లో ఫోక్స్‌వ్యాగన్, 2020లో బీఎండబ్ల్యూ, నిస్సాన్, 2021లో రెనో వరసగా ఆ దారే పట్టాయి. బీఎండబ్ల్యూ అయితే దాన్ని ప్రకటనలకే పరిమితం చేసి, కార్ల మీద అప్పట్లో పాత బిళ్లనే ఉంచింది. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఇంజన్‌కి గాలి పంపే ముందువైపు జాలీ, అంటే గ్రిల్‌తో పెద్ద పని లేకపోయింది. ఆ ఖాళీలో లైటు వెలిగే లోగోలు పెట్టడం మొదలైంది.

ఇంకో కారణం బయటికి కనబడదు. ముందు బండికి ఎంత దూరంలో ఉన్నామో కొలిచే రాడార్‌ని టయోటా, మెర్సిడెస్ కొన్ని మోడళ్లలో లోగో వెనకే దాచాయి. లోహపు పూత రాడార్ తరంగాలను అడ్డుకుంటుంది. అందుకే అక్కడ బిళ్ల నున్నగా, ప్లాస్టిక్ పలకలా ఉంటుంది. అలాంటి కారు కొన్నవాళ్లు గుళ్లో పూజ అయ్యాక లోగో మీద మందంగా పట్టిన పసుపు, కుంకుమ తడిగుడ్డతో తుడిచి బయల్దేరడం మంచిది. లేకపోతే డాష్‌బోర్డులో సెన్సర్ మూసుకుపోయిందని హెచ్చరిక వెలగొచ్చు. బొట్టు బానెట్ మీద పెట్టమంటే పూజారిగారేమీ అనుకోరు.