చంక కింద చెయ్యి వేసి లేపొద్దు

పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద లేపి కూర్చోబెట్టాలంటే మన చేతులు తిన్నగా చంకల కిందికి పోతాయి. లేదంటే చెయ్యి పట్టుకుని లాగుతాం. పడిపోయిన వైపు భుజం పాడయ్యేది చాలాసార్లు ఇలాగే.

ఆ కీలు కట్టడమే అలాంటిది. తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుంటుంది. జబ్బ ఎముక తల మాత్రం చెంచా మీద నిలబెట్టిన బంతి. అందులో మూడో వంతుకు మించి చెంచాను తాకదు. చెయ్యి అన్ని వైపులా తిరుగుతోందంటే ఆ చలవే. బంతి జారకుండా ఆపేవి చుట్టూ ఉన్న కండరాలు. స్ట్రోక్ వచ్చిన తొలి రోజుల్లో అవి తరచూ వదులైపోతాయి. చెయ్యి బరువేమో ఒంటి బరువులో సుమారు 5 శాతం, అంటే 60 కిలోల మనిషికి 3 కిలోలు. అది ఆసరా లేకుండా వేలాడితే గూడ మెల్లగా కిందికి దిగుతుంది. భుజం కొన కింద తడిమి చూస్తే వేలు పట్టేంత గుంట తగులుతుంది.

నర్సులు దిండ్లతో పడే కుస్తీ ఇందుకే. బాగున్న వైపు ఒత్తిగిల్లితే, చచ్చుబడిన చేతిని ముందుకు తెచ్చి మణికట్టు దాకా దిండు మీద ఆనించాలి. చచ్చుబడిన వైపు పడుకోబెట్టడానికి ఇంట్లోవాళ్లు జంకుతారు గానీ, పడుకోబెట్టొచ్చు. చెయ్యి లాగకుండా, వీపు పైభాగంలోని రెక్క ఎముక కింద అరచెయ్యి పెట్టి భుజాన్ని ముందుకు జరిపితే చాలు. లేపేటప్పుడూ అంతే: మోకాళ్లు మడిచి, పక్కకు తిప్పి, కాళ్లు మంచం దించి, వీపు వెనక నుంచి ఊతం.

సాధారణంగా 2 గంటలకోసారి పక్క మారుస్తారు. మారుస్తూ మడమలు, తుంటి, నడుము కింది ఎముక చూడాలి. ఎర్రబడ్డ చోట నొక్కి వదిలితే తెల్లబడకపోతే పడకపుండు మొదలైనట్టే. నల్లటి చర్మంలో ఎరుపు కనపడదు. వేడిగానో గట్టిగానో ఉందేమో తడమాలి.

తల ఎత్తులో ఉంచాలా, చదునుగా ఉంచాలా అని వైద్యులు చాలాకాలం వాదించుకున్నారు. 2017లో 11,000 మందికి పైగా రోగులతో ‘హెడ్‌పోస్ట్’ పరీక్ష ఫలితం వచ్చింది: తొలి 24 గంటలు ఎలా ఉంచినా 90 రోజుల తర్వాతి వైకల్యంలో తేడా లేదు. తిండి దగ్గర మాత్రం ఆ వెసులుబాటు లేదు. మింగగలడో లేదో పరీక్షించాకే, అదీ నిటారుగా కూర్చోబెట్టే పెట్టాలి. కొందరికి పొలమారినా దగ్గు రాదు, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయిందని ఎవరికీ తెలియదు.

మెదడు కుడి పక్క దెబ్బతింటే కొందరికి ఎడమ చెయ్యి ఉన్న ధ్యాసే పోతుంది. చక్రాల కుర్చీ కదిపే ముందు ఆ చెయ్యి ఎక్కడుందో చూసుకోండి. అది చక్రంలో ఇరుక్కున్నా ఆయన చెప్పకపోవచ్చు.